ఎనిమిది కంప్యూటర్లతో ఒకే హాల్లో ఆడే ముందు

సంక్రాంతికి ఊరు చేరినవాళ్లంతా కంప్యూటర్లు మోసుకొచ్చి ఒకేచోట ఆడాలనుకుంటే, ముందు చూడాల్సింది గేమును కాదు, గోడలోని ప్లగ్గును.

కరెంటు: గేమింగ్ కంప్యూటరూ మానిటరూ కలిపి 400 వాట్లు లాగుతాయనుకోండి. 6 ఆంపియర్ల సాకెట్ 230 వోల్టుల దగ్గర 1,380 వాట్లే మోస్తుంది. అంటే మూడు కంప్యూటర్లు, అంతే. మిగిలినవాటిని వేరే సర్క్యూట్ల మీదికి పంచండి. ఎక్స్‌టెన్షన్ బోర్డుకు ఇంకో బోర్డు తగిలించవద్దు. కిందటేడు రాజోలు దగ్గర మా పెంకుటింట్లో ఆ పనే చేశాం. ఆట రసపట్టులో ఉండగా కాలిన వాసన. చూస్తే ప్లగ్గు అంచు గోధుమ రంగుకు తిరిగి, మెత్తబడి ఉంది. పిన్ని మిక్సీ వేయడం వల్లేనని వాదించాం గానీ, తప్పు మాదే.

నేల: కాలువ పక్క ఇళ్లలో గచ్చు చెమర్చుతుంది. బోర్డులు బల్ల మీదే ఉండాలి. ఎర్తింగ్ తప్పనిసరి.

నెట్‌వర్క్: వైఫైని నమ్మవద్దు, కేబుళ్లు వేయండి. కేబుళ్లన్నిటినీ కలిపే పెట్టె, అంటే నెట్‌వర్క్ స్విచ్, 8 పోర్టులదైతే, అందులో రౌటర్‌కు ఒకటి పోతే ఒకరు బయటే కూర్చోవాలి. 16 పోర్టులది తెచ్చుకోండి.

గేములు: ముందురోజే అందరూ ఒకే వెర్షన్‌కు అప్‌డేట్ చేసుకోవాలి. ఎవరైనా మరచిపోతే, గేములు కొనుక్కుని ఆడే స్టీమ్ యాప్‌లో 2023 నుంచి పక్క కంప్యూటర్‌లోని గేమును ఇంట్లోని నెట్‌వర్క్ మీదుగానే తెచ్చుకోవచ్చు.

పూతరేకులు తిన్న చేతులతో కీబోర్డు ముట్టనివ్వకండి. ఆ నెయ్యి వదలదు.