గులాబీ రంగు లవ్ బర్డ్ కొనబోతున్నారా? ముందు దూది తడపండి

బరంపురంలో పక్షుల ప్రదర్శనలకు పిల్లలతో వెళ్లేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోండి. మనం లవ్ బర్డ్స్ అని పిలిచే బడ్జీల్లో ఎరుపు, గులాబీ రంగులు పుట్టుకతో రావు. ఈకల్లో రంగునిచ్చే వర్ణకాలు పసుపు, నలుపు మాత్రమే. నీలం ఈక నిర్మాణం మీద వెలుగు పడి కనిపించే రంగు, పసుపు, నీలం కలిస్తే ఆకుపచ్చ. కాబట్టి గులాబీ బడ్జీ కనిపిస్తే అది అద్దకమే.

నిరుడు మా పిన్నిగారి అబ్బాయి అలాంటి జత తెచ్చాడు. గోరువెచ్చని నీళ్లలో ముంచిన తెల్ల దూదితో రెక్క మీద మెల్లగా ఒత్తితే దూది గులాబీ అయింది. కాలివేళ్ల మధ్య చర్మానికీ అదే రంగు! నాకు ఏడుపొచ్చింది. పిట్ట ముక్కుతో ఈకలు దువ్వుకున్నప్పుడల్లా ఆ రంగు కడుపులోకి పోతుంది కదా.

అలాంటిది ఇప్పటికే ఇంట్లో ఉంటే సబ్బు, కిరోసిన్ ఏవీ వాడకండి. ఈకలు రాల్చి కొత్తవి వేసుకున్నప్పుడు అసలు రంగు వచ్చేస్తుంది. అప్పటిదాకా వెడల్పు పళ్లెంలో మంచినీళ్లు పెడితే అదే స్నానం చేస్తుంది. నలతగా ఉంటే పశువైద్యుడికి చూపించండి.

పంజరాల్లో పెంచే చిన్న పాటల పిట్టలు కానరీల సంగతి వేరు. కొన్ని రకాలకు ఈకలు వచ్చే రోజుల్లో మేతలో కలిపే పదార్థంతో ఎరుపు తెప్పిస్తారు, అది దూదికి అంటదు.

ఆకుపచ్చ రంగు పూసిన మునియాలను (పిచ్చుకలాంటి చిన్న అడవి పిట్టలు) మాత్రం అసలు కొనకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటిని పట్టడం, అమ్మడం నేరం.