కారు పని నేర్చుకుందాం – 4వ పాఠం: ముందు బ్రేకులు, మిల్లీమీటర్ల లెక్క, బిల్లు లెక్క

మూడో పాఠంలో జాకీ పెట్టడం, చక్రం విప్పి మళ్లీ బిగించడం నేర్చుకున్నాం. అది చేతికి అలవాటైన వాళ్లే ఈ పాఠంలోకి రండి. బ్రేకు ఖర్చు తగ్గించుకునే పని చక్రం విప్పి లోపల చూడటంతోనే మొదలవుతుంది. చూడని వాళ్లకు షెడ్డులో చెప్పిందే జబ్బు, చెప్పిందే ధర.

పాఠానికి తీసుకున్న బండి ముందు డిస్కు, వెనక డ్రమ్ము ఉన్న చిన్న కారు. డిస్కు అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం, దాన్ని రెండు వైపులా నొక్కి ఆపేవి ప్యాడ్లు. డ్రమ్ము అంటే చక్రంతో తిరిగే ఇనుప గిన్నె, దాన్ని లోపలి నుంచి ఒత్తి ఆపేవి లైనర్లు. ఆల్టో, వ్యాగన్ ఆర్, స్విఫ్ట్, టియాగో, ఇలా మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో ఎక్కువ భాగం ఈ రకమే. బ్రేకు తొక్కగానే బండి బరువు ముందుకు ఒరుగుతుంది కాబట్టి ఆపే పనిలో పెద్ద వాటా ముందు చక్రాలదే. అందుకే ముందు ప్యాడ్లు త్వరగా అరుగుతాయి, వెనక లైనర్లు మామూలుగా వాటికంటే చాలా ఎక్కువ దూరం వస్తాయి. "ముందూ వెనకా ఒకేసారి మార్చేద్దాం సార్" అని ఎవరైనా అంటే, వెనక డ్రమ్ము విప్పి చూశారా అని అడగండి. విప్పకుండా చెబితే అది అంచనా మాత్రమే.

ఎంత అవుతుంది

ఈ తరగతి కార్లకు ముందు ప్యాడ్ల సెట్టు (రెండు చక్రాలకు కలిపి నాలుగు ప్యాడ్లు) మంచి కంపెనీది సుమారు 1,000 నుంచి 2,500 రూపాయలు. బయటి షెడ్డులో బిగింపు కూలి 300 నుంచి 600, కంపెనీ సర్వీస్ సెంటర్‌లో దానికి దాదాపు రెట్టింపు. డిస్కుల జత 2,500 నుంచి 5,000 వరకు. ఊరిని బట్టి, మోడల్‌ను బట్టి ఈ అంకెలు అటూఇటూ అవుతాయి. వాటి మధ్య ఉన్న నిష్పత్తిని గమనించండి: ప్యాడ్లు చవక, డిస్కులు ఖరీదు, కూలి అన్నిటికంటే తక్కువ.

దీన్నిబట్టి ఒక సంగతి తేలుతుంది. ప్యాడ్లు మన చేత్తో మార్చుకుంటే మిగిలేది ఆ కొద్దిపాటి కూలి మాత్రమే. జాకీ స్టాండ్లు (ఎత్తిన బండిని మోసే కాళ్లు), సి క్లాంపు (సి ఆకారంలో ఉండే బిగింపు పట్టు) కొంటే మొదటిసారి అదీ మిగలదు. అసలు పొదుపు వేరే మూడు చోట్ల ఉంది: ఇంకా బతికున్న ప్యాడ్లను ముందే పారేయకపోవడం, ప్యాడ్లు పూర్తిగా అరిగి డిస్కును తినేదాకా ఆగకపోవడం, 100 రూపాయల గ్రీజుతో పోయే జబ్బుకు కాలిపర్ (ప్యాడ్లను పట్టుకుని డిస్కుకు నొక్కే భాగం) మొత్తం కొనకపోవడం. ఈ మూడింటికీ కొలత తెలిస్తే చాలు, పానా పట్టకపోయినా ఫర్వాలేదు.

పన్ను సంగతి కూడా చూసుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆటో విడిభాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకుముందు పన్నుతో కలిపి 1,280 రూపాయలున్న ప్యాడ్ల సెట్టు, అసలు ధర మారకపోతే, ఇప్పుడు 1,180కే రావాలి. పాత స్టాకు డబ్బా మీద పాత ఎమ్మార్పీ కనబడితే బిల్లులో ఏ శాతం వేశారో చూడండి.

మిల్లీమీటర్ల లెక్క

చక్రం విప్పాక స్టీరింగును ఒక పక్కకు తిప్పితే కాలిపర్ ఎదురుగా వస్తుంది. దాని కిటికీలోంచి డిస్కుకు అటొకటి ఇటొకటి ప్యాడ్లు కనిపిస్తాయి. ప్యాడ్‌లో రెండు పొరలు: వెనక ఇనుప పలక, దానికి అతికిన నల్లటి లైనింగు. కొలవాల్సింది లైనింగును మాత్రమే. ఇనుప పలకను కలిపి కొలిచి "ఇంకా బోలెడుంది" అనుకోవడం కొత్తవాళ్లు చేసే మొదటి తప్పు.

కొత్తప్పుడు లైనింగు సుమారు 10 మి.మీ. ఉంటుంది. 3 మి.మీ.కి వచ్చిందంటే మార్చే వేళయింది. చాలా ప్యాడ్లకు చిన్న ఇనుప రేకు ఉంటుంది. లైనింగు అడుగంటినప్పుడు అది డిస్కుకు తగిలి కీచుమంటుంది. ఆ చప్పుడు వచ్చాక వారం పది రోజుల్లో మార్చాలి. అది గరగరగా మారిందంటే ఇనుప పలకే డిస్కును గీస్తోందన్నమాట. అక్కడి నుంచి రోజూ డిస్కు ఖర్చవుతుంది, 2,000లో అయిపోవాల్సిన పని 6,000 దాటుతుంది.

వాన పడ్డ మర్నాడు తొలి రెండు మూడు బ్రేకులకు వచ్చే గరగర మాత్రం వేరు. అది డిస్కు మీద పట్టిన పలుచని తుప్పు, దానంతటదే పోతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఇది మరీ మామూలు. దీనికి డబ్బు పెట్టకండి.

కొలిచిన అంకెను కిలోమీటర్లతో కలిపి రాసుకోండి. 10 మి.మీ.తో మొదలైన ప్యాడ్ 30,000 కిలోమీటర్లకు 5 మి.మీ.కి వచ్చిందనుకుందాం. 5 మి.మీ.కి 30,000 అంటే, ఒక మిల్లీమీటరుకు 6,000. మూడుకు చేరడానికి ఇంకా 12,000 కిలోమీటర్లుంది. నెలకు వెయ్యి తిరిగే బండికి అది ఏడాది. సర్వీస్ సెంటర్‌లో "సగం అరిగాయి, మార్చేయమంటారా" అని ఫోన్ చేస్తే ఈ లెక్కే మీ జవాబు.

నాలుగు ప్యాడ్లనూ విడివిడిగా కొలవండి, అసలు విషయం ఆ తేడాల్లోనే తెలుస్తుంది. ఒకే చక్రంలో లోపలి ప్యాడ్ 3, బయటిది 7 ఉంటే ప్యాడ్లది తప్పు కాదు. కాలిపర్ అటూఇటూ జరిగే గైడ్ పిన్నులు బిగుసుకుపోయాయి. పిన్నులు తీసి తుడిచి సిలికాన్ గ్రీజు రాస్తే సరి. ఆ పని చేయకుండా కొత్త ప్యాడ్లు వేస్తే అవీ అలాగే అరుగుతాయి. ఎడమ చక్రంలోని రెండూ సమానంగా అరిగి, కుడివాటికంటే బాగా పలుచబడితే పిస్టన్ (కాలిపర్‌లో ఆయిల్ ఒత్తిడికి ప్యాడ్‌ను తోసే ముక్క) వెనక్కి రావడం లేదు, లేదా రబ్బరు పైపు లోపల ఉబ్బి ఆయిల్‌ను తిరిగి రానివ్వడం లేదు. అప్పుడూ కాలిపర్ మొత్తం కొనే ముందు సీల్ కిట్ (పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు సీళ్ల సెట్టు) దొరుకుతుందా అని అడగండి. ధరలో చాలా తేడా ఉంటుంది. పిస్టన్ మీద తుప్పు గుంటలు పడితే మాత్రం కిట్ పనిచేయదు.

డిస్కుకూ హద్దుంది. ఇంతకంటే పలుచబడకూడదన్న మందం చాలా డిస్కుల అంచున గానీ మధ్య టోపీ మీద గానీ పోతపోసి ఉంటుంది. డిస్కు అంచున తుప్పు గట్టు మిగిలి ఉంటుంది కాబట్టి మామూలు వెర్నియర్ తప్పు చూపిస్తుంది, ప్యాడ్ తగిలే భాగంలో మైక్రోమీటరుతో కొలవాలి. గోటికి తగిలీ తగలనట్టుండే గీతలకు ఏమీ చేయనక్కర్లేదు. లేత్ మీద ఫేసింగు (డిస్కు ముఖాన్ని చెక్కి చదును చేయడం) చేయిస్తే డిస్కు ఆయుష్షు అంత మేరా తగ్గుతుంది, ఊరికే చేయించకండి. బ్రేకు వేసినప్పుడు స్టీరింగు వణికితే మొదట డిస్కు విప్పి, హబ్బు (డిస్కు, చక్రం కూర్చునే భాగం) ముఖం మీది తుప్పును వైరు బ్రష్షుతో శుభ్రం చేసి మళ్లీ బిగించి చూడండి. ఆ కాస్త తుప్పుకే డిస్కు వంకరగా కూర్చుంటుంది.

విడిభాగం కొనడం

బండి 17 అక్షరాల చాసిస్ నంబరు, పాత ప్యాడ్ ఫోటో తీసుకుని వెళ్లండి. ఒకే మోడల్‌లో సంవత్సరాన్ని బట్టి కాలిపర్ మారుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో గానీ సికింద్రాబాద్ రాణిగంజ్‌లో గానీ నాలుగు షాపులు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ధర పోల్చుకోవడం తేలిక. కారు కంపెనీ డబ్బాలోదే కొనాలని లేదు. బాష్, రానే, టీవీఎస్ గిర్లింగ్ లాంటి పేరున్నవి సరిపోతాయి. బిల్లు ఇవ్వని షాపులో, ఎమ్మార్పీ చీటీ లేని డబ్బాలో వచ్చిన ప్యాడ్లు మాత్రం సగం ధరకిచ్చినా వద్దు. నకిలీ ప్యాడ్ వేడెక్కితే లైనింగు పలక నుంచి ఊడిపోవచ్చు, అప్పుడు పెడల్ తొక్కినా బండి ఆగదు.

మార్చే పద్ధతి

మొదటిసారి చేసేటప్పుడు పని తెలిసినవారు పక్కనుండాలి. చదునైన నేల మీద బండి ఆపి, ఫస్ట్ గేరులో పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి, వెనక చక్రాలకు ఇటుకలు పెట్టండి. చక్రం నట్లను కాస్త వదులు చేశాకే జాకీ ఎత్తండి. ఎత్తాక స్టాండు పెట్టండి, జాకీని నమ్మి పని చేయొద్దు. ఒకసారికి ఒక చక్రమే. రెండోది విప్పకుండా ఉంటే ఏది ఎలా ఉండాలో చూసుకోవడానికి నమూనా ఉంటుంది, అటు పిస్టన్ బయటికి తోసుకొచ్చే ప్రమాదమూ ఉండదు.

బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా చూడండి. మ్యాక్స్ గీతదాకా ఉంటే సిరంజితో కొంచెం తీయండి, లేకపోతే పిస్టన్ నొక్కినప్పుడు పొంగుతుంది. పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి, పెయింటును తినేస్తుంది.

కాలిపర్ కింది బోల్టు విప్పి కాలిపర్‌ను పైకి మడవండి. బోల్టుతో పాటు పిన్ను కూడా తిరుగుతుంటే దాన్ని సన్నటి పానాతో పట్టుకోవాలి. కాలిపర్ పూర్తిగా విప్పాల్సి వస్తే తీగతో పైన స్ప్రింగుకు కట్టండి. రబ్బరు పైపు మీద వేలాడదీస్తే పైపు లోపల చిరిగి, ఆర్నెల్ల తర్వాత అర్థంకాని జబ్బుగా బయటపడుతుంది.

పాత ప్యాడ్లు తీసి, అవి కూర్చునే గాడులను వైరు బ్రష్షుతో రుద్దండి. దుమ్మును నోటితో గానీ గాలి పంపుతో గానీ ఊదకండి. బ్రేక్ క్లీనర్ కొట్టి తడిగుడ్డతో తుడవండి. పిన్నులకు సిలికాన్ గ్రీజు పలుచగా రాయాలి. మామూలు పసుపు గ్రీజు వాడితే రబ్బరు తొడుగులు ఉబ్బి పిన్నులు మళ్లీ బిగుసుకుంటాయి. తర్వాత పాత ప్యాడ్‌ను పిస్టన్‌కు అడ్డం పెట్టి సి క్లాంపుతో మెల్లగా నొక్కండి. కొత్త ప్యాడ్లు పెట్టి, లైనింగు మీద గ్రీజు చేతులు తగలకుండా కాలిపర్ దించి, మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కు (బోల్టు బిగింపు కొలతకు) బిగించండి.

రెండు వైపులా అయ్యాక, బండి కదిలించే ముందు, పెడల్ గట్టిపడేదాకా పదిసార్లు తొక్కండి. ఈ ఒక్క మెట్టు మరిచిపోతే మొదటి బ్రేకు నేలకు దిగిపోతుంది, బండి ఎదురుగోడకు తగులుతుంది. ఆపైన ఖాళీ రోడ్డు మీద 50 నుంచి 10 కిలోమీటర్ల వేగానికి పూర్తిగా ఆపకుండా ఎనిమిది పదిసార్లు తగ్గించండి. మధ్యమధ్య అర నిమిషం చల్లారనివ్వాలి. ప్యాడ్ పొర డిస్కుకు సమంగా అంటుకోవడానికి ఇది అవసరం.

ఎక్కడ పొదుపు చేయకూడదు

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 (బ్రేక్ ఆయిల్‌లో ఒక రకం) కొత్తప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ చేరిన కొద్దీ ఆ హద్దు 155 దాకా పడిపోతుంది. తిరుమల, శ్రీశైలం ఘాట్లు దిగుతూ బ్రేకు మీదే కాలుంచితే ఆ వేడి రావడం కష్టమేమీ కాదు. లోపల ఆవిరి బుడగలు పుట్టి పెడల్ స్పాంజిలా మెత్తబడుతుంది. రెండేళ్లకోసారి ఆయిల్ మార్పించండి, సగం వాడి నెలల తరబడి దాచిన డబ్బాలోది పోయకండి. ఘాట్ దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కేవారో ఆ గేరులోనే దిగితే ఇంజనే బండిని పట్టుకుంటుంది, ప్యాడ్లూ మిగులుతాయి.

ఐదో పాఠంలోపు చేయాల్సిన పని

రెండు ముందు చక్రాలు విప్పి నాలుగు లైనింగులనూ కొలిచి, మీటరు రీడింగుతో పాటు సర్వీస్ పుస్తకం వెనక పేజీలో రాయండి. ఇంకెన్ని కిలోమీటర్లు వస్తాయో పై పద్ధతిలో లెక్కకట్టండి. లోపలి, బయటి ప్యాడ్ల మధ్య 2 మి.మీ. కంటే ఎక్కువ తేడా ఉంటే పిన్నుల పని ముందు చేయండి. హ్యాండ్ బ్రేక్ పూర్తిగా లాగితే ఎన్ని టిక్కులు వస్తున్నాయో కూడా లెక్కపెట్టి పెట్టుకోండి. ఐదో పాఠంలో వెనక డ్రమ్ము విప్పి, లైనర్లు నిజంగా అరిగాయా, సర్దుబాటు చేస్తే సరిపోతుందా అన్నది ఆ అంకెతోనే మొదలుపెడదాం.