ఫ్లౌండర్‌ని కొర్రమీనులా వండకండి

హన్మకొండలో ముప్పై ఏండ్లుగా చేపల పులుసు వండిన చెయ్యి కదా, ఏ చేపయితే ఏముంది అనుకున్నాను. న్యూజెర్సీలో బిడ్డ దగ్గరికి పోయినప్పుడు అల్లుడు ఫ్లౌండర్ ముక్కలు తెచ్చాడు, నేను అలవాటు ప్రకారం చింతపండు పులుసులో వేసి అరగంట మరిగించాను. మూత తీస్తే ముక్క అన్నదే లేదు, గరిటెతో దేవితే తెల్లటి పీచు వచ్చింది. అల్లుడు పాపం "బాగుందత్తమ్మా" అని రెండోసారి కూడా పోసుకున్నాడు, కానీ నాకు తెలుసు కదా, అది చేప కలిసిన చారు.

కొర్రమీను గట్టి చేప, ఎంత మరిగినా ముక్క ముక్కలాగే ఉంటుంది. ఫ్లౌండర్ సముద్రం అడుగున ఇసుకలో పడుకునే చేప, జొన్నరొట్టెలా పలచగా ఉంటుంది. రెండు కండ్లూ ఒకే పక్కన ఉంటాయి. పిల్లగా ఉన్నప్పుడు మామూలు చేపలాగే అటొకటి ఇటొకటి ఉండి, పెరిగేకొద్దీ ఒక కన్ను రెండో పక్కకు జరుగుతుంది. మాంసం మెత్తన, కొవ్వు తక్కువ, నీచువాసన పెద్దగా ఉండదు. అందుకే దీనికి మసాలా తక్కువ పట్టాలి, మంట మీద ఉండే టైమూ తక్కువే.

అన్నిటికన్నా సులువు వేపుడు. గడ్డకట్టిన ముక్కలైతే ముందురోజు రాత్రే ఫ్రిజ్ కింది అరలో పెట్టండి, వేడినీళ్లలో వేస్తే మాత్రం చెడిపోతాయి. తర్వాత కాగితంతోనో పొడిబట్టతోనో తడి లేకుండా అద్దండి. ఈ ఒక్క పని బద్ధకించారంటే ముక్క వేగదు, పెనం మీద నీళ్లూరి ఉడుకుతుంది. ఉప్పు, పసుపు, కారం, కొంచెం అల్లం ఎల్లిగడ్డ ముద్ద రాసి పది పదిహేను నిమిషాలు చాలు, మనం బొచ్చె ముక్కలకు పెట్టినట్టు గంటసేపు నానబెడితే ఉప్పుకు నీరంతా బయటికొస్తుంది. నిమ్మకాయ ఇప్పుడే పిండొద్దు, తినేముందు పిండుకోండి. పైన బియ్యప్పిండి పలచగా అద్ది, నూనె బాగా కాగాక పెనం మీద పరవండి. ఇక కదిలించొద్దు. రెండు మూడు నిమిషాల్లో అంచులు పాలలా తెల్లబడి ఆ తెలుపు మధ్యకు పాకుతుంది, అప్పుడు వెడల్పాటి అట్లకాడతో ఒక్కసారి తిప్పండి, ఇంకో నిమిషం, నిమిషంన్నర. పచ్చిపులుసు, అన్నం పక్కన పెట్టుకుంటే వేరే కూర అక్కర్లేదు.

ఓవెన్ ఉంటే ఇంకా తేలిక: 200 డిగ్రీల సెల్సియస్‌లో పది పన్నెండు నిమిషాలు, ముక్క మీద కొంచెం నూనె, మిరియాల పొడి, కొత్తిమీర, అంతే. తోక వైపు మరీ పలచగా ఉంటుంది కాబట్టి దాన్ని కిందికి మడిచి పెట్టండి, లేకపోతే అది మాడేసరికి గానీ మధ్యలో ఉడకదు. చెంచాతో నొక్కితే పొరలు పొరలుగా విడిపోయిందంటే అయినట్టే.

చేప మొత్తంగా దొరికితే పొలుసు గీకి, కడుపు శుభ్రం చేయించి, ముదురు రంగు పక్కన ముల్లు తగిలేదాకా మూడు నాలుగు గాట్లు పెట్టి మసాలా కూరి వేపుకోవచ్చు. ముల్లుతో పాటు ఉంటుంది కాబట్టి ఇది చెదరదు, కానీ పెద్ద పెనం కావాలి.

పులుసు లేనిదే ముద్ద దిగదంటారా, నాకూ అంతే. ఉల్లిగడ్డ, మెంతులు, జీలకర్ర, చింతపండు రసం వేసి పులుసును పూర్తిగా, నూనె పైకి తేలేదాకా ముందే మరిగించండి. చిక్కబడ్డాక మంట తగ్గించి ముక్కలు జారవిడవండి, నాలుగైదు నిమిషాలు చాలు. గరిటె పెట్టొద్దు, గిన్నెనే రెండు చేతులా పట్టుకొని అటూ ఇటూ కదపండి. వరంగల్‌లో ఫ్లౌండర్ ఎక్కడ దొరుకుతుందని అడగకండి, ఇక్కడికొచ్చాక నేను బోన్‌లెస్ కొర్రమీనుతోనే ఇవన్నీ చేస్తున్నాను, అది కాస్త మందం కాబట్టి ఇంకో రెండు మూడు నిమిషాలు ఎక్కువ పడుతుంది.

చేపల పులుసు తెల్లారితే ఇంకా రుచి అంటాం కదా, ఫ్లౌండర్‌కి ఆ లెక్క పనికిరాదు, మళ్లీ వేడి చేస్తే ముక్క మిగలదు. రేపటికి కూడా కావాలనుకుంటే ఉత్త పులుసు తీసి పెట్టుకొని, తినే ముందు దాన్ని మరిగించి అప్పుడు ముక్కలు వేసుకోండి.