క్లెయిముకు జవాబు రాయడం – 5వ పాఠం: గొడవ ఏ పొర మీద?

మీరు పాడి యూట్యూబ్‌లో పెట్టిన వీడియో మీద ఎవరో "ఇందులోది మాది" అని కాపీరైట్ క్లెయిము వేస్తే ఏం చేయాలో పోయిన పాఠంలో చెప్తూ, "భయపడకండి, డిస్ప్యూట్ (కాదు అని చెప్పే బటన్) నొక్కండి" అని రాశాను. నొక్కారు. సగం మందికి పైగా క్లెయిము పోయింది, ఫోన్ చేసి సంతోషంగా చెప్పారు. మిగతావాళ్ళు ఫోన్ చేసి అన్న మాటలు ఇక్కడ రాయను. కాకినాడ వైపు పిల్లలకు సంగీతం చెప్పుకునే ఒకావిడకైతే జవాబు తిరస్కరించారు. ఆవిడ పట్టుదలకు పోయి అప్పీలు చేశారు. అదీ తిరస్కరించి వీడియో తీయించేశారు, ఛానెల్ మీద స్ట్రైకు (యూట్యూబ్ వేసే తప్పు మార్కు) పడింది. "మీరే కదండీ భయపడొద్దన్నారు" అన్నారావిడ.

ఆవిడ రాసిన జవాబు తెప్పించుకుని చూశాను. ఒకటే వాక్యం: "అన్నమాచార్యులు 1503లో పరమపదించారు కనుక ఈ పాటకు కాపీరైట్ లేదు."

అందులో అబద్ధం లేదు. కానీ అడిగినదొకటి, చెప్పినదొకటి. ఆవిడ పాడింది నెట్‌లో దొరికిన కరవోకే ట్రాకు మీద. ఆ ట్రాకును వాయించినవాళ్ళు నిక్షేపంగా బతికే ఉన్నారు. తప్పు నాది. ముందు చెప్పాల్సింది చెప్పకుండా మిమ్మల్ని నేరుగా బటన్ దగ్గరికి తీసుకుపోయాను. అందుకని ఈసారి ఇస్తానన్న కౌంటర్ నోటీసు పాఠం, అంటే తీసేసిన వీడియోను తిరిగి పెట్టమని రాసే కాగితం గురించిన పాఠం, వాయిదా. క్లెయిముకీ స్ట్రైకుకీ తేడా, యూట్యూబ్ స్టూడియోలో (ఛానెల్ నడిపే పేజీలో) ఏది ఎక్కడుందో మాత్రం మళ్ళీ చెప్పను, రెండో పాఠం తీసి చూసుకోండి.

పాట వినడానికి ఒకటే గానీ ఆస్తిగా మూడు పొరలు. సాహిత్యం ఒకరిది, బాణీ ఒకరిది, రికార్డింగు ఇంకొకరిది. పొలం అన్న పేరా, బోరు తమ్ముడి పేరా, మోటారు బావమరిది పేరా ఉన్నట్టు. మన 1957 నాటి కాపీరైట్ చట్టం కూడా ఇలాగే విడదీస్తుంది. సంగీత రచన అంటే ఏమిటో చెప్పేచోటే, దానితోపాటు పాడే మాటలు అందులోకి రావని తేల్చేసింది. సాహిత్యానికీ బాణీకీ గడువు, కట్టినవారు పోయిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి 60 ఏళ్ళు. రికార్డింగుకైతే విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు.

త్యాగరాజస్వామితో పేచీ లేదు. 1847లో సిద్ధి పొందారు, మాటా ఆయనదే, బాణీ కూడా శిష్యుల నోట మనదాకా వచ్చింది. మీ గొంతుతో, మీ వీణతో పాడుకున్నారా, మూడు పొరలూ శుభ్రం. అన్నమయ్య దగ్గర అలా కాదు. రాగి రేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరుంది, బాణీ లేదు. మనం ఇవాళ పాడుకునే బాణీలు చాలావరకు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు, నేదునూరి కృష్ణమూర్తిగారు, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్‌గారు లాంటి పెద్దలు మొన్నమొన్న కట్టినవి. రాళ్ళపల్లివారు 1979లో పోయారు, కాబట్టి ఆయన బాణీకి 2039 ఆఖరుదాకా గడువుంది. నేదునూరివారు 2014లో పోయారు, అంటే 2074 దాకా. ఈ హక్కు మీద నాకు కోపం లేదు. ఒకప్పుడు క్యాసెట్ల షాపులో ఖాళీ క్యాసెట్లకు పాటలెక్కించి అమ్మినవాణ్ణి, నీతులు చెప్పే మొహం కాదు నాది. బాణీ కట్టడం ఎంత కష్టమో తర్వాత రికార్డింగులు చేస్తూ కళ్ళారా చూశాను.

పద్యనాటకం వాళ్ళకు ఒక మాట. ఇద్దరు కలిసి రాసిన పద్యాలకు చివర పోయినవారిని బట్టి లెక్క. తిరుపతి వేంకట కవుల్లో దివాకర్ల వారు 1920లో, చెళ్ళపిళ్ళ వారు 1950లో పోయారు. 2010తో గడువు తీరింది, మీ పద్యాలు మీరు నిశ్చింతగా పాడుకోండి. అయితే పాత గ్రామఫోన్ ప్లేటు మీది పద్యాన్ని ఎక్కించేటప్పుడు రికార్డింగు లెక్క కూడా చూడాలి. 1960లో విడుదలైన ప్లేటుకు 2020 డిసెంబర్ 31తో మన దేశంలో గడువైపోయింది. అమెరికాలో లెక్క వేరు, అక్కడ ఇంకా తీరకపోవచ్చు.

ఇక నాకు ఒళ్ళు మండే సంగతి. తంబురా.

మా అత్తగారు త్యాగరాజ కీర్తన ఒకటి పాడి ఎక్కించారు. మూడు పొరలూ శుభ్రమే. గంటలో క్లెయిము వచ్చింది, ఎవరిదో ధ్యాన సంగీతం ఆల్బమ్ పేరుతో. ఆవిడ నొచ్చుకుని "నా పాట వాళ్ళదెలా అవుతుంది బాబూ" అన్నారు. వివరాలు తెరిచి చూశాను. పోలిక దొరికిందన్నది 0:00 నుంచి 0:38 వరకు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ ముక్క మూడుసార్లు విన్నాను. ఆవిడ గొంతు విప్పింది 0:39 దగ్గర. అంతకు ముందు ఒక చిన్న దగ్గు, గాజుల చప్పుడు, వెనకాల ఫోన్‌లో పెట్టుకున్న తంబురా. అంతే. అంటే యంత్రం పట్టుకున్నది పాటను కాదు, శ్రుతిని.

ఇది ఎలా జరుగుతుందో నిదానంగా చెప్తాను, ఎందుకంటే మీలో చాలామంది ఇక్కడే పడ్డారు. శ్రుతి యాప్‌లో వినపడేది ఎప్పుడో ఎవరో మీటి రికార్డు చేసిన ఒక చిన్న ముక్క. అదే తిరిగి తిరిగి మోగుతుంది. వేలమంది ఫోన్లలో అక్షరం పొల్లుపోకుండా అదే ధ్వని. వాళ్ళలో ఒకాయన దాని మీద వేణువు వాయించి ఆల్బమ్ చేశాడు, పంపిణీ కంపెనీకి ఇచ్చాడు. ఆ కంపెనీ వేణువునూ తంబురానూ వేరు చేయకుండా మొత్తం తీసుకెళ్ళి, ఎక్కించిన వీడియోల్ని నమూనాలతో పోల్చి చూసే కంటెంట్ ఐడీ అనే యూట్యూబ్ యంత్రంలో నమూనాగా వేసింది. ఇక అప్పట్నుంచి ఆ తంబురా ఎక్కడ మోగినా యంత్రానికి ఆయనే కనిపిస్తాడు. ముందు ఎవరు వాడారన్నది దానికి పట్టదు. ఊళ్ళో పెళ్ళిళ్ళన్నిటికీ ఒకే టెంట్ హౌస్ నుంచి గిన్నెలు అద్దెకు తెచ్చుకుంటాం కదా. ఒకాయన తన ఇంటి పెళ్ళి వంటను గిన్నెలతో సహా ఫోటో తీయించి, ఈ గిన్నెలో వండిన పప్పు ఎక్కడ కనిపించినా నాదే అని కాగితం రాయించుకుంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే. అందరూ వాడుకునే ఇలాంటి ముక్కల్ని నమూనాగా ఇవ్వకూడదని యూట్యూబ్ నియమాల్లోనే ఉంది. ఇచ్చేవాళ్ళు ఇస్తూనే ఉన్నారు.

దీనికి నా మందు మొరటుది. నేను యాప్ వాడనివ్వను. పాత తిత్తి శ్రుతిపెట్టె ఒకటి ఉంది, దాని తోలు చిరిగితే అతికించి మరీ వాడతాను. అదిలేనివాళ్ళు యాప్ చప్పుడు మైకుకు అందనంత దూరం పెట్టుకోండి, లేదా చెవిలో పెట్టుకోండి.

ఇది మన అత్తగార్లకే పట్టిన పీడ కాదు. సెబాస్టియన్ టామ్‌జాక్ అనే ఆస్ట్రేలియా సంగీతకారుడు పెట్టిన పది గంటల ఉత్త హోరు వీడియో మీద 2018 నాటికి ఐదు క్లెయిములు పడ్డాయి. హోరంటే హోరే, రేడియో స్టేషన్ దొరకనప్పుడు వచ్చేది. అదే ఏడాది జేమ్స్ రోడ్స్ అనే పియానో విద్వాంసుడు ఇంట్లో కూర్చుని బాఖ్ స్వరాలు వాయించి ఫేస్‌బుక్‌లో పెడితే, అందులో 47 సెకన్లు సోనీ మ్యూజిక్‌వని తేలింది. బాఖ్ పోయింది 1750లో. రోడ్స్ ఊరుకోకుండా లోకమంతా వినేలా అరిచాక సోనీవాళ్ళు వెనక్కి తీసుకున్నారు. మనం అరిస్తే పక్కవీధికి కూడా వినపడదు, అందుకే రాయడం నేర్చుకోవాలంటున్నాను.

ఇంకో సంగతి తెలిసి ఉండండి. మీ డిస్ప్యూట్ వెళ్ళేది జడ్జి దగ్గరికి కాదు, క్లెయిము వేసిన ఆ కంపెనీ దగ్గరికే. ఫిర్యాదీ, పంచాయతీ పెద్దా ఒకరే. వాళ్ళకు 30 రోజుల గడువు. తోసిపుచ్చితే మీకు అప్పీలుంది, దానికి వాళ్ళు 7 రోజుల్లో చెప్పాలి. అక్కడ కూడా కాదనుకుంటే వీడియో తీసేయమని రాస్తారు, కాకినాడ ఆవిడకు జరిగిందదే. అయినా మొదటి మెట్టు ఎక్కడానికి భయం అక్కర్లేదు. 2021 మొదటి ఆరు నెలల్లో 72 కోట్లకు పైగా కంటెంట్ ఐడీ క్లెయిములు పడ్డాయని యూట్యూబే చెప్పింది. కాదన్నవాళ్ళు నూటికి ఒకరు కూడా లేరు. కాదన్నవాటిలో 60 శాతం ఎక్కించినవాళ్ళ పక్షానే తేలాయి. మిగతావాళ్ళంతా నోరు మూసుకున్నందుకు ఆ డబ్బులు ఎటు పోయాయో లెక్కేసుకోండి. మీ ఛానెల్‌కు రాబడి ఉంటే 5 రోజుల్లోపు డిస్ప్యూట్ చేయండి, మొదటి రోజు నుంచి ఆ డబ్బును పక్కన పెడతారు.

జవాబులో నాలుగు విషయాలు చాలు. ఏ ముక్క మీద క్లెయిము, అందులో వినపడేది ఏ పొర, అది ఎవరిది, మీ దగ్గర రుజువేమిటి. అత్తగారికి నేను రాసింది ఇది:

"క్లెయిము 0:00–0:38 మీద ఉంది. ఆ భాగంలో ఉన్నది తంబురా శ్రుతి మాత్రమే, గాత్రం లేదు. అది అందరికీ అందుబాటులో ఉన్న శ్రుతి యాప్‌లోది, క్లెయిము చేసినవారి సొంతం కాదు. కీర్తన 1847లో మరణించిన త్యాగరాజుది, పాడినది నేను. ఎడిట్ చేయని అసలు రికార్డింగు తేదీతో నా వద్ద ఉంది."

ఇంగ్లీషులో పెడితే మేలు, ఇంట్లో పిల్లలచేత మార్పించుకోండి. "దయచేసి", "పేద కళాకారిణిని" లాంటివి నేనైతే రాయను. "హక్కుదారులకే క్రెడిట్" అని రాశారా, వీడియోలో ఉన్నది పరాయి సొమ్మని మీరే ఒప్పుకున్నట్టు. క్లెయిము పోయేదాకా వీడియో తీసేయకండి, ఫోన్‌లో అసలు ఫైలు అసలే చెరపకండి. మీరు వాడింది నిజంగానే ఇంకొకరి ట్రాకైతే మాత్రం జవాబు రాయకండి. క్లెయిము ఒప్పుకుని ఊరుకోండి, లేదా శ్రుతిపెట్టెతో మళ్ళీ పాడండి.

అభ్యాసం. మీరు తరచూ పాడే పది పాటలు తీసుకుని ఒక్కోదానికి మూడు గళ్ళు గీయండి. సాహిత్యం ఎవరిది, ఎప్పుడు పోయారు. బాణీ ఎవరిది, ఎప్పుడు పోయారు. రికార్డింగులో మీది కాని చప్పుడు ఏముంది. రెండో గడి నెట్‌లో నిండదు. మీ గురువుగారిని అడగండి. ఆయనకూ తెలియకపోతే ఆయన ఎవరి దగ్గర నేర్చుకున్నారో కనుక్కుని, వాళ్ళింటికి పోయి, అటక మీద ఉన్న నొటేషన్ పుస్తకం దింపించి చూడండి. నాకు ఒక్క పాటకే రెండు నెలలు పట్టింది, రాజమండ్రి రెండుసార్లు పోయొచ్చాను. ఆరో పాఠం ఆలస్యమైనా ఫర్వాలేదు, ఆ గడి ఖాళీగా వదిలేసి నాకు ఫోన్ చేయకండి.