లేసు చేతిపనా, మిషన్‌దా? ఇలా చూడండి

లేసు కనిపిస్తే చాలు, "క్రోషియానా?" అని అడుగుతారు. క్రోషియా కూడా లేసే, కానీ లేసంటే అదొక్కటే కాదు. పాతది, సన్నది, ఖరీదైనది అయితే చేతిపనే అనుకునేవాళ్లు ఇంకా ఎక్కువ. ఇంగ్లాండ్‌కి చెందిన జాన్ హీత్‌కోట్, లేసుకి అడుగున ఉండే వలలాంటి నెట్‌ని అల్లే మిషన్‌కి పేటెంట్ తీసుకున్నది 1809లో, అంటే ముత్తవ్వ పెట్టెలో దొరికిన లేసు కూడా మిషన్‌ది కావచ్చు. రంగు చూసి కూడా నమ్మకండి, టీ నీళ్లలో ముంచితే కొత్త లేసుకీ ఆ పాత పసుపు వస్తుంది.

భూతద్దం తీసుకుని, లేసుని నల్ల గుడ్డ మీద పరిచి, ముందు ఒత్తుగా ఉన్న చోట చూడండి. అక్కడ దారాలు నేత బట్టలోలా ఒకదాని మీదుగా, ఇంకోదాని కిందుగా పోతుంటే అది బాబిన్ లేసు అయ్యే అవకాశం ఎక్కువ. దిండు మీద గుండుసూదులు గుచ్చి, కండెలకు చుట్టిన దారాలతో అల్లుతారు దీన్ని. వందల కండెలు వేలాడుతుంటే చూసేవాళ్లకి టెన్షన్ వస్తుంది, మనవల్ల కాదు అనుకుంటారు, కానీ మామూలుగా ఒకసారి చేతిలో ఉండేది రెండు జతలు, నాలుగు దారాలే, వాటితో చేసేదీ రెండే పనులు: దాటించడం, మెలిపెట్టడం. ఎంత గొప్ప డిజైనైనా ఆ రెండింటి నుంచే పుడుతుంది, నాకు ఇందులో అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే.

కాజా కుట్టులాంటి ఉచ్చులు వరసగా ఉంటే సూది లేసు. గొలుసులా ఉంటే క్రోషియా.

ఎక్కువమంది మోసపోయేది కెమికల్ లేసు దగ్గర. బట్ట మీద మిషన్‌తో ఎంబ్రాయిడరీ చేసి, తర్వాత ఆ బట్టను కరిగించేస్తారు, దారం ఒక్కటే మిగులుతుంది. దగ్గరగా చూస్తే దారాలు అటూ ఇటూ జిగ్‌జాగ్‌గా పోతాయి, అంచులు నూగుగా ఉంటాయి, అల్లిక మాత్రం ఎక్కడా దొరకదు.

"తప్పులుంటే చేతిపని, లేకుంటే మిషన్" అంటారు. ఇది అల్లేవాళ్లను చిన్నచూపు చూడటమే, చెయ్యి తిరిగినవాళ్ల పనిలో తప్పు వెతికినా దొరకదు. మీరు చూడాల్సింది తప్పు ఉందా లేదా అని కాదు, అదే తప్పు ప్రతి పువ్వులోనూ అదే చోట మళ్లీ వస్తోందా అని. వస్తుంటే దాదాపు మిషన్‌దే.

ఒక్క గుర్తుతో తేల్చేయకండి, బాబిన్ లేసుని అచ్చంగా అల్లే మిషన్లూ ఉన్నాయి. పోగు కాల్చి చూడమనే సలహా మాత్రం వినొద్దు, దానివల్ల దారం నూలుదా నైలాన్‌దా అని తెలుస్తుందే తప్ప చేత్తో అల్లారా లేదా అన్నది తెలియదు, పైగా ఆ పోగు తెగిన చోటి నుంచి అల్లిక విడిపోవచ్చు.