ముఖానికి ఆపరేషన్ కోసం విదేశం వెళ్తున్నారా? ముందు కోలుకునే రోజులు లెక్క వేయండి

మాది కావలి. నెల్లూరులో సర్జికల్ వార్డులో స్టాఫ్ నర్సుగా చాలా ఏళ్లు పనిచేశాను. మా చెల్లెలికి చిన్నప్పుడు తగిలిన దెబ్బ వల్ల ముక్కు దూలం వంకర తిరిగి, ఒక పక్క ఊపిరి సరిగా ఆడేది కాదు. ఆకారం కూడా సరిచేయించుకోవాలని దానికి ఎప్పటి నుంచో కోరిక. బ్యాంకాక్‌లో చేయించుకుంది, తోడుగా నేను వెళ్లాను. అప్పటి నుంచి మా వైపు ఆడపిల్లలు, వాళ్ల అమ్మలు ఫోన్ చేసి ఎంతవుతుంది, ఏ ఆసుపత్రి అని అడుగుతున్నారు. ఎన్ని రోజులుండాలి, ఎవరు చూసుకుంటారు అని అడిగేవాళ్లు తక్కువ. నేను మాత్రం అక్కడి నుంచే మొదలుపెట్టమంటాను. ఆపరేషన్ కొన్ని గంటల పని, అది డాక్టరు చూసుకుంటారు. ఆ తర్వాతి రెండు వారాలు మీ చేతిలో, మీ పక్కనున్న మనిషి చేతిలో ఉంటాయి.

చెన్నైలో, హైదరాబాద్‌లో మంచి ప్లాస్టిక్ సర్జన్లు ఉన్నారు. ముందు వాళ్లలో ఒకరికి చూపించుకోండి. మేమూ చూపించాకే వెళ్లాం. ముక్కు ఆపరేషన్లే ఎక్కువగా చేసే డాక్టరు అక్కడ మాకు నచ్చారు. ఇంకో కారణం, మా వీధిలో ఆపరేషన్ అంటే పండ్లు పట్టుకుని అందరూ చూడ్డానికొస్తారు. వాచిన మొహంతో వాళ్లందరికీ జవాబు చెప్పడం దానికి ఇష్టం లేకపోయింది. అది న్యాయమైన కారణమేనని నా ఉద్దేశం. కానీ ఖర్చు తగ్గుతుందనే వెళ్లేవాళ్లు మాత్రం టికెట్లు, గది అద్దె, తోడు మనిషి ఖర్చు, మళ్లీ వెళ్లాల్సి వస్తే అయ్యేది అంతా కలిపి చూశాకే తేల్చుకోండి. పెళ్లిళ్ల పేరయ్య ఏదో అన్నాడని కూతురి ముక్కు మార్పించాలనుకునే తల్లులకు నేను నేరుగానే చెప్తాను, వద్దని. ఆ కోరిక పిల్లదై ఉండాలి, దానికి పద్దెనిమిదేళ్లు నిండి ఉండాలి.

ఇక రోజుల లెక్క. ముక్కు కదలకుండా పైన పెట్టిన గట్టి పట్టీ, స్ప్లింట్, సుమారు వారానికి తీస్తారు. కింద కుట్లు ఉంటే అవీ ఆ సమయానికే. ముఖానికి సౌందర్య శస్త్రచికిత్స చేయించుకున్నవాళ్లు 7 నుంచి 10 రోజుల దాకా విమానం ఎక్కవద్దని బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్ఎస్ చెప్తుంది. ముందు చూపించుకోవడానికి ఒకటి రెండు రోజులు, చివర్లో ఏదైనా తేడా వస్తే ఆగడానికి కొన్ని రోజులు. అన్నీ కలిపితే రెండు వారాలకు తక్కువ కుదరదు. ఐదు రోజుల్లో ఆపరేషన్, ఊరు చూపించడం కూడా అంటూ ప్యాకేజీ చెప్పే ఏజెంట్లు ఉన్నారు. అలాంటి ఫోన్ వస్తే పెట్టేయండి. కనురెప్పల ఆపరేషన్‌కి కుట్లు వారంలోపే తీస్తారు. వేలాడే ముఖ చర్మాన్ని బిగించే ఫేస్‌లిఫ్ట్‌లో మొదటి 24 గంటల్లో చర్మం కింద రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది, కుట్లు కూడా ఎక్కువ. దవడ ఆపరేషన్ అయితే వారాల తరబడి జావ తిండే, దానికి రెండు వారాల సెలవు చాలదు.

నెల కూడా చూసుకోవాలి. కొత్త మచ్చ మీద, కమిలిన చర్మం మీద ఎండ పడితే మన రంగు చర్మం త్వరగా నల్లబడుతుంది. రోహిణి కార్తెలో నెల్లూరు ఎండలోకి కొత్త ముక్కుతో దిగడం మంచిది కాదు. అలాగని అక్టోబరు, నవంబరు పెట్టుకుంటే తుపాన్లు. 2021 నవంబర్ వరదల్లో నెల్లూరు పక్కనున్న పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి, హైవే కూడా తెగింది. అలాంటి రోజున చెన్నైలో దిగితే ఇంటికెలా చేరతాం? సంక్రాంతి దాటాక జనవరి, ఫిబ్రవరి బాగుంటాయి.

డాక్టరును ఎంచుకునేటప్పుడు ఆసుపత్రి పేరు దగ్గరే ఆగిపోవద్దు. ఆసుపత్రులను పరిశీలించే అంతర్జాతీయ సంస్థ జేసీఐ గుర్తింపు ఉందా అని అందరూ చూస్తారు. బ్యాంకాక్‌లోని బమ్రుంగ్రాడ్ 2002లో ఆసియాలో మొదట ఆ గుర్తింపు తెచ్చుకుంది. ఆ గుర్తింపు ఆసుపత్రి పద్ధతులకు, శుభ్రతకు, భద్రతకు ఇస్తారు. మీకు కత్తి పట్టే మనిషి చేయి ఎలాంటిదో అది చెప్పదు. డాక్టరు పూర్తి పేరు అడిగి, ఆ దేశపు మెడికల్ కౌన్సిల్ జాబితాలో చూడండి. ప్లాస్టిక్ సర్జన్ల అంతర్జాతీయ సంఘం ఐసాప్స్ సభ్యుల జాబితాలోనూ వెతకండి. కొరియా వెళ్లేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. అక్కడ ఒక డాక్టరు మాట్లాడి, మత్తు ఎక్కాక వేరొకరు ఆపరేషన్ చేసిన కేసులు బయటపడ్డాయి. అందుకే 2023 సెప్టెంబరు 25 నుంచి మత్తిచ్చి ఆపరేషన్ చేసే గదుల్లో సీసీటీవీ పెట్టాలని చట్టం అమల్లోకి తెచ్చారు. రికార్డు చేయమని రోగి అడగవచ్చు. అడగండి.

వీడియో కాల్‌లో ఇవి తప్పక అడగాలి: ఆపరేషన్ మొదలు నుంచి చివరి దాకా మీరే చేస్తారా, మత్తు డాక్టరు పూర్తి సమయం పక్కనే ఉంటారా, అదే భవనంలో ఐసీయూ ఉందా, ఏడాది తర్వాత తేడా ఉంటే సరిచేయడానికి ఎంత తీసుకుంటారు. ఆఖరిదానికి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. మనలాంటి మందపాటి చర్మం ఉన్న ముక్కులకు ఏడాది తర్వాత తీసిన ఫోటోలు చూపించమనండి. నెల తర్వాత తీసినవాటితో ఏమీ తెలియదు.

టికెట్ కొనేముందు ఇంకో పని ఉంది. తిరిగొచ్చాక మిమ్మల్ని చూడటానికి ఒప్పుకునే ఈఎన్‌టీ డాక్టరునో ప్లాస్టిక్ సర్జన్‌నో నెల్లూరులోనో ఒంగోలులోనో చెన్నైలోనో ముందే మాట్లాడి పెట్టుకోండి. వేరే దేశంలో చేసిన ఆపరేషన్ చూడ్డానికి కొందరు వెనకాడతారు, అది వాళ్ల తప్పని నేననను. ముందే చెప్పి, కాగితాలన్నీ తెస్తామంటే ఒప్పుకునేవాళ్లు దొరుకుతారు.

రక్త పరీక్షలు, షుగరు, బీపీ, ఈసీజీ ఇక్కడే చేయించుకుని పంపండి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, చేప నూనె మాత్రలు, విటమిన్ ఇ, వెల్లుల్లి మాత్రలు రక్తస్రావాన్ని పెంచుతాయి. వాడుతున్నవన్నీ, ఆయుర్వేదం మందులతో సహా, రాసి ఇచ్చి ఎప్పుడు ఆపాలో సర్జన్‌నే అడగండి. గుండె కోసం ఆస్పిరిన్ వాడేవాళ్లు సొంతంగా ఆపకూడదు. సిగరెట్, గుట్కా కనీసం నాలుగు వారాల ముందు మానాలి. నికోటిన్ సన్న రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది, గాయం మానదు. చెవి కుట్టిన చోటో ఎక్కడో మచ్చ ఉబ్బి పెరిగే గుణం ఉంటే అది కూడా దాచకుండా చెప్పాలి. ముక్కుపుడక ముందే తీసేయాలి.

మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్ మనం కోరి చేయించుకునే ఆపరేషన్‌కి, దాని వల్ల వచ్చే ఇబ్బందులకి సాధారణంగా వర్తించదు. పాలసీ కాగితం చదవండి. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. థాయ్‌లాండ్ వెళ్లేవాళ్లు చేరడానికి ముందు మూడు రోజుల్లోపు డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. 2025 మే 1 నుంచి అది తప్పనిసరి, ఉచితం. డబ్బులడిగే సైటు ఏదైనా ప్రభుత్వానిది కాదు. తిరుగు టికెట్ తేదీ మార్చుకునేదిగా కొనండి.

గది ఆసుపత్రికి దగ్గరగా, లిఫ్ట్, ఫ్రిజ్, వండుకునే వీలు ఉండేలా చూసుకోండి. నేను ఇడ్లీ రవ్వ, రాగి పిండి, పెసరపప్పు, చిన్న కుక్కర్ తీసుకెళ్లాను. రాగి జావ, మెత్తగా ఉడికిన అన్నంలో పప్పుకట్టు, ఇడ్లీ, అరటిపండు, బొప్పాయి. గట్టిగా నమలాల్సినవి వద్దు. కారం పులుసులు కూడా వద్దు, ముక్కు కారి తుమ్ములొస్తాయి. నొప్పి మాత్రల వల్ల మలబద్ధకం వస్తుంది. ముక్కితే మొహానికి రక్తం పోటెత్తి ముక్కు నుంచి కారే ప్రమాదం ఉంది కాబట్టి నీళ్లు, పండ్లు ఎక్కువ ఇవ్వాలి. ఇది చాలామందికి తట్టని సంగతి.

మొదటి రాత్రి తోడు మనిషి నిద్రపోకూడదు. తల ఎత్తుగా ఉండేలా రెండు మూడు దిండ్లు పెట్టాలి. ముక్కు కింద కట్టిన గాజుగుడ్డ ఎరుపెక్కుతూ ఉంటుంది, మారుస్తూ ఉండాలి. నోటితోనే ఊపిరి పీల్చాలి కాబట్టి పెదాలు పగులుతాయి, వాసెలిన్ రాయండి. ఐస్ గుడ్డలో చుట్టి బుగ్గల మీద పది పదిహేను నిమిషాలు పెట్టి తీయండి, స్ప్లింట్ మీద మాత్రం పెట్టొద్దు. ముక్కు చీదకూడదు. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. కిందికి వంగకూడదు, చెప్పులు కూడా తోడు మనిషే తొడగాలి. తల మీంచి వేసుకునే బట్టలు కాకుండా ముందు గుండీలున్న నైటీలు, చొక్కాలు పెట్టుకెళ్లండి. వాచిన మొహాన్ని ఫోన్ గుర్తుపట్టదు, పిన్ నంబరు పెట్టి ఉంచండి.

రెండో మూడో రోజు వాపు బాగా పెరుగుతుంది. కళ్ల చుట్టూ నల్లగా, నీలంగా కమిలిపోతుంది. "ఏందక్కా, నా మొహం ఇట్టయిపోయింది, ఎందుకు చేయించుకున్నానో" అని మా చెల్లెలు వెక్కి వెక్కి ఏడ్చింది. మొదటి వారంలో మనసు ఇలా దిగులుపడటం చాలామందిలో ఉంటుంది. తోడు వెళ్లేవాళ్లు దీనికి ముందే సిద్ధపడాలి, రోగికీ ముందే చెప్పి ఉంచాలి. "నువ్వే కోరి చేయించుకున్నావు కదా" అనే మాట నోట రానీయకండి. కమిలినది పది పదిహేను రోజుల్లో పోతుందని చెప్పండి, అది నిజం కూడా.

జ్వరం వంద దాటినా, రక్తం ఆగకుండా కారినా, ఒక పక్కే వాపు పెరుగుతున్నా, చూపు మసకబారినా, ముక్కులోంచి నీళ్లలా తేటగా కారినా, పిక్కల్లో నొప్పి, ఆయాసం వచ్చినా తెల్లవారేదాకా ఆగొద్దు. ఆసుపత్రి అత్యవసర నంబరు గోడకు అంటించి పెట్టండి. పసుపు, వేపాకు, ఏ నూనే కుట్ల మీద పెట్టనివ్వకండి. ఇంటి నుంచి ఫోన్‌లో పెద్దవాళ్లు ఎంత చెప్పినా సరే.

స్ప్లింట్ తీసిన రోజు ముక్కు లావుగా, కొన పైకి ఎత్తినట్టు కనిపిస్తుంది. అది వాపే. తిరుగు ప్రయాణానికి డిశ్చార్జి సమ్మరీ, ఆపరేషన్ నోట్స్, ముక్కులో సిలికాన్ పెట్టి ఉంటే దాని వివరాలుండే స్టిక్కర్, మందుల చీటీ, పాస్‌పోర్టు నంబరుతో డాక్టరు ఉత్తరం అడిగి తీసుకోండి. ఫోటోకి మొహానికి తేడా ఉంటే ఇమిగ్రేషన్‌లో ఆ ఉత్తరం చూపించవచ్చు. మందులు చేతి సంచిలోనే ఉంచండి. విమానంలో గాలి పొడిగా ఉంటుంది, డాక్టరు చెప్పినట్టు సెలైన్ స్ప్రే కొట్టుకుంటూ, మధ్యమధ్య లేచి నడవాలి. సామాన్లు రోగి ఎత్తకూడదు. చెన్నైలో అర్ధరాత్రి దిగితే అక్కడే పడుకుని, పొద్దున కారులో బయల్దేరండి. బస్సు కుదుపులు వద్దు.

ఇంటికొచ్చాక అసలు జాగ్రత్త పిలకాయలతో. ఒళ్లో కూర్చోబెట్టుకుంటే వాళ్ల తల వచ్చి ముక్కుకు తగులుతుంది. నెలన్నర దాకా ఎత్తుకోవద్దని ఇంట్లో అందరికీ చెప్పండి. కళ్లద్దాలు ముక్కు మీద ఆనకూడదు, నాలుగు నుంచి ఆరు వారాలు. ఫుల్ హెల్మెట్ తొడిగేటప్పుడు, తీసేటప్పుడు ముక్కుకు రాసుకుంటుంది కాబట్టి స్కూటీ కూడా వద్దు. సముద్ర స్నానం, చెరువులో ఈత డాక్టరు సరే అనేదాకా ఆపండి. బయటికెళ్తే గొడుగు, ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్.

మా అమ్మ నెల తిరక్కుండానే ముక్కుపుడక ఎప్పుడు పెట్టుకుంటావే అని మొదలుపెట్టింది. మేం సర్జన్‌ని అడిగి, ఆయన సరే అన్నాకే పెట్టించాం. కొన దగ్గర వాపు పూర్తిగా తగ్గడానికి ఏడాది పడుతుంది. అందాకా నెలకోసారి ఒకే కిటికీ దగ్గర, ఒకే వెలుతురులో ముందు నుంచి, రెండు పక్కల నుంచి, కింది నుంచి ఫోటోలు తీసి సర్జన్‌కి పంపండి. నచ్చకపోతే సరిచేయడం గురించి ఏడాది నిండాకే, ఆ ఫోటోలు ముందు పెట్టుకుని మాట్లాడండి.