అమెరికా వెళ్లిన అమ్మానాన్నలకు మలబద్ధకం: లక్షణం, కారణం, పరిష్కారం

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లిన పెద్దవాళ్ల నుంచి మొదటి వారంలోనే వినిపించే మాట ఒకటుంది: "మోషన్ ఫ్రీగా కావడం లేదు." ఆ మాట వినగానే ఇంట్లోవాళ్లు ఇసబ్గోల్ డబ్బా తెరుస్తారు, అరటిపళ్లు తెస్తారు, మరునాటికి ఫలితం లేకపోతే విరేచనాల మాత్ర ఇస్తారు. నీళ్లు తాగాలి, కూరగాయలు తినాలి, నడవాలి అన్నవి అందరికీ తెలుసు కాబట్టి వాటిని ఇక్కడ మళ్లీ వివరించడం లేదు. మందు ఇచ్చే ముందు అడగవలసిన ఒక చిన్న ప్రశ్నను మాత్రం దాదాపు ప్రతి ఇంట్లోనూ వదిలేస్తున్నారు. మోషన్ వచ్చినట్టు ఎప్పుడు అనిపించింది, అనిపించినప్పుడు వెంటనే వెళ్లారా అన్నదే ఆ ప్రశ్న.

లక్షణం: దిగి రెండు రోజులైంది, ఇంకా కాలేదు, కానీ నొప్పి లేదు

దీనికి కంగారు అక్కరలేదు. రోజుకు మూడుసార్ల నుంచి వారానికి మూడుసార్ల దాకా ఎలా జరిగినా వైద్యులు దానిని సహజంగానే పరిగణిస్తారు. ప్రయాణంలో సరిగా తినలేదు, నిద్ర లేదు, ఒకే సీటులో కూర్చున్నారు. కాబట్టి బయటికి రావలసినదే తక్కువ. గ్యాస్ పోతూ, కడుపు మెత్తగా, ఆకలి మామూలుగా ఉంటే ఆహారం, నీళ్లు సరిచేసి ఒకటి రెండు రోజులు ఆగవచ్చు. అయితే ఆ రెండు రోజులూ కింద చెప్పబోయే విషయాన్ని పట్టించుకోకుండా గడిపితే, మూడో రోజుకు అది నిజమైన మలబద్ధకంగా మారవచ్చు.

లక్షణం: ఉదయం ఎంతసేపు కూర్చున్నా రాదు, సాయంత్రానికి కడుపు ఉబ్బరంగా ఉంటుంది

ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేదీ, అందరూ ఆహారం మీద నింద వేసి వదిలేసేదీ ఇదే. ఇంటి వంటే తింటున్నారు, పప్పూ తోటకూరా అన్నీ ఉన్నాయి, నీళ్లు కూడా తాగుతున్నారు, అయినా ఉదయం ఏమీ జరగదు. కారణం పళ్లెంలో లేదు, గడియారంలో ఉంది.

పెద్దపేగుకు తనదైన దినచర్య ఉంటుంది. నిద్రలో దాని కదలికలు బాగా తగ్గిపోయి, మెలకువ రాగానే, ఆ తరువాత ఏదైనా తిన్నప్పుడు బలంగా పుంజుకుంటాయి. హైదరాబాదులో ముప్పై నలభై ఏళ్లుగా ఉదయం ఆరింటికి అలవాటు పడిన శరీరం విమానం దిగిన వెంటనే ఆ అలవాటును మార్చుకోదు. హైదరాబాదులో ఉదయం 6 గంటలంటే వేసవిలో డల్లాస్‌లో ముందురోజు సాయంత్రం 7.30, న్యూజెర్సీలో రాత్రి 8.30, కాలిఫోర్నియాలో సాయంత్రం 5.30. చలికాలంలో అక్కడి గడియారాలు వెనక్కి జరుగుతాయి కాబట్టి ఇవన్నీ మరో గంట ముందే వస్తాయి. అంటే మొదటి రోజుల్లో మోషన్ వచ్చినట్టు అనిపించేది తరచుగా సాయంత్రం పూటే. ఆ వేళకు అలా వచ్చిన అమ్మ ఎక్కడ ఉంటుంది? కొడుకు ఆఫీసు నుంచి రాగానే కుటుంబమంతా కలిసి వెళ్లిన గుడిలోనో, కాస్ట్‌కో దుకాణంలోనో, భోజనానికి పిలిచిన తెలిసినవాళ్ల ఇంట్లోనో ఉంటుంది. ఇది మోషన్‌కు వేళ కాదనుకుని ఆపుకొంటుంది, ఉదయం చూసుకోవచ్చని సర్దిచెప్పుకొంటుంది.

ఆపుకొన్నప్పుడు లోపల జరిగేది తెలిస్తే దీన్ని ఎవరూ తేలికగా తీసుకోరు. మలాశయం నిండి దాని గోడ సాగినప్పుడే మనకు వెళ్లాలనిపిస్తుంది. బిగబట్టి కూర్చుంటే ఆ గోడ కాస్త వదులై సర్దుకుంటుంది, వెళ్లాలన్న భావన కొద్ది నిమిషాలలో మాయమవుతుంది. పేగు మాత్రం అందులోని నీటిని పీల్చుకుంటూనే ఉంటుంది. మరునాటి ఉదయానికి మలం గట్టిపడుతుంది, పైగా ఆ సమయం శరీరం లెక్కలో సాయంత్రం కాబట్టి పేగు నుంచి సహకారం రాదు. అప్పుడు అరగంట కూర్చుని ముక్కితే నొప్పి, మొలల ఇబ్బంది తప్ప ఫలితం ఉండదు. ఆ నొప్పికి భయపడి మరుసటిసారి కూడా ఆపుకొంటారు. ఇలా నాలుగు రోజులు వరుసగా జరిగితే అసలు వచ్చినట్టు అనిపించడమే మందగిస్తుంది.

ఆపుకోవడానికి వేళ ఒక్కటే కారణం కాదు. దాని వెనుక ఎవరూ పైకి చెప్పని సంకోచం ఉంటుంది. బయట ఎక్కడికి వెళ్లినా కాగితమే తప్ప నీళ్లుండవు. పబ్లిక్ రెస్ట్‌రూముల తలుపులకు కిందా పక్కలా సందులుంటాయి, అవతల నిలబడ్డవాళ్ల కాళ్లు కనిపిస్తాయి. కూతురి ఇంట్లో అల్లుడు హాల్లో కూర్చుని పనిచేసుకుంటుంటే, ఆ పక్కనే ఉన్న బాత్‌రూముకు వెళ్లడానికి అత్తగారు మొహమాటపడుతుంది. బాత్‌రూము నేల మీద నీళ్లు పోయేందుకు తూము ఉండదు కాబట్టి, మగ్గుతో కడుక్కుంటే నేల పాడవుతుందేమోనని మామగారు వెనుకాడతారు. "బాత్‌రూముకు వెళ్లారా?" అని అడిగితే వీటిలో ఏ ఒక్కటీ బయటపడదు. "నిన్న మనం బయట ఉన్నప్పుడు వచ్చినట్టు అనిపించిందా, ఆపుకొన్నావా అమ్మా?" అని విడిగా, నెమ్మదిగా అడగాలి. తల్లిని కూతురు, తండ్రిని కొడుకు అడగడం మంచిది; కోడలు మామగారిని అడిగితే ఆయన అంతా బాగానే ఉందనే చెబుతారు.

పరిష్కారం రెండు వైపుల నుంచీ జరగాలి. మొదటి వారమంతా ఎప్పుడు అనిపిస్తే అప్పుడే వెళ్లాలి, అది సాయంత్రమైనా అర్ధరాత్రైనా సరే. సాయంత్రాలు దూరం తిరగడం ఆ కొద్ది రోజులూ మానుకుంటే పోయేదేమీ లేదు. బయటికి వెళ్లక తప్పనప్పుడు సంచిలో ఒక ఖాళీ నీళ్ల సీసా ఉంచుకోవాలి, లేదా నొక్కితే నీళ్లు చిమ్మే చిన్న చేతి బిడే కొనిపెట్టాలి. ఇంట్లో కమోడ్ వెనుక నీటి గొట్టానికి తగిలించుకునే చేతి షవర్ చవకగా దొరుకుతుంది, అద్దె ఇంట్లో కూడా దానిని బిగించుకుని, ఖాళీ చేసేటప్పుడు విప్పుకోవచ్చు. దీన్ని అమ్మానాన్నలు దిగకముందే అమర్చి, ఫలానా బాత్‌రూము మీదేనని, నీళ్లు పడినా తుడుచుకుంటామని మొదటిరోజే నోరు తెరిచి చెప్పాలి. ఈ పని ఏ మందుకన్నా ముందు జరగాలి.

అదే సమయంలో శరీర గడియారాన్ని స్థానిక ఉదయానికి మళ్లించాలి. అది సగటున రోజుకు ఒక గంట చొప్పున సర్దుకుంటుందనుకుంటే, పది గంటల తేడాకు వారం పైనే పడుతుంది. పగటి వెలుతురూ భోజన వేళలూ దానికి దారి చూపుతాయి. కాబట్టి దిగిన మర్నాటి నుంచే అక్కడి వేళల ప్రకారం తినాలి, రాత్రి రెండింటికి ఆకలేసినా పెద్ద భోజనం చేయకూడదు. ఉదయం లేవగానే కాసేపు ఆరుబయట నడిచి, గంటలోపు వేడి కాఫీతో పాటు కడుపు నిండా టిఫిన్ తిని, తరువాత అరగంటలోపు వెళ్లి కూర్చోవాలి. కూర్చునేటప్పుడు కాళ్ల కింద చిన్న పీట వేసుకుని, మోకాళ్లు తుంటి కన్నా పైకి వచ్చేలా ముందుకు వంగాలి. గొంతుకూర్చునే భంగిమకు అలవాటైన వారికి దీనివల్ల మలద్వారం దగ్గరి కండరం సులువుగా వదులవుతుంది. పది నిమిషాలలో కాకపోతే ముక్కకుండా లేచి రావాలి.

లక్షణం: వచ్చినట్టే ఉంటుంది కానీ గట్టిగా, ఉండలుగా ఉంటుంది

ఇక్కడ నీటి లోటును అనుమానించాలి. దోహా నుంచో దుబాయ్ నుంచో డల్లాస్‌కు దాదాపు 16 గంటల ప్రయాణం. కిటికీ పక్కన కూర్చున్న పెద్దవాళ్లు పక్కవారిని లేపవలసి వస్తుందని నీళ్లు తాగడమే మానేస్తారు. విమానం లోపల గాలిలో తేమ చాలా తక్కువ, తరచుగా 20 శాతం లోపే ఉంటుంది. టికెట్ తీసుకునేటప్పుడే నడవా పక్క సీటు తీసుకోవడం దీనికి అసలైన నివారణ.

ఇసబ్గోల్‌ను అరగ్లాసు నీళ్లతో మింగి పడుకోవడం మరో పొరపాటు. అది తన బరువుకు ఎన్నో రెట్లు నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది. నీరు చాలకపోతే లోపలి మలాన్ని ఇంకా బిగిస్తుంది. నిండు గ్లాసు నీటితో తీసుకుని, ఆపైన మరో గ్లాసు తాగాలి. ఇప్పటికే నాలుగైదు రోజులుగా గట్టిపడి ఉన్నవారికి ముందుగా ఇవ్వవలసిన మందు ఇది కాదు. వారికి అమెరికాలో చీటీ లేకుండానే దొరికే పాలీఇథిలీన్ గ్లైకాల్ 3350 పొడి మెరుగు. మిరాలాక్స్ పేరుతో అమ్మే ఈ పొడిని 17 గ్రాములు ఒక గ్లాసు నీటిలో కలిపి రోజుకొకసారి తీసుకుంటే ఒకటి నుంచి మూడు రోజులలో పనిచేస్తుంది. మరునాడే కాలేదని మోతాదు పెంచకూడదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఏ విరేచనకారినైనా, ముఖ్యంగా మెగ్నీషియం కలిసిన వాటిని, వైద్యుణ్ని అడగకుండా వాడకూడదు. నీళ్లు ఎక్కువ తాగవద్దని వైద్యులు చెప్పిన గుండె జబ్బు వారు కూడా ముందుగా అడగాలి. ఆహారంలో రోజుకు రెండు కివీ పళ్లు, లేదా నాలుగైదు ప్రూన్స్ (ఎండిన ఆల్‌బుఖారా పళ్లు) బాగా ఉపకరిస్తాయి. షుగర్ ఉన్నవారు ప్రూన్స్ లెక్క చూసుకుని తినాలి.

మందుల డబ్బా కూడా ఒకసారి చూడండి. ఐరన్, కాల్షియం మాత్రలు, ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలు పేగును మందగింపజేస్తాయి. జెట్‌లాగ్‌కు నిద్ర పట్టడం లేదని పిల్లలు ఇచ్చే మాత్రలు మరింత గమనించదగినవి. టైలెనాల్ పీఎం వంటి వాటిలో ఉండే డైఫెన్‌హైడ్రమైన్ పేగు కదలికను తగ్గిస్తుంది, పెద్దవారిలో మగతా తికమకా కలిగిస్తుంది. ఇది ఆపితేనే సమస్య సగం తీరిన ఇళ్లున్నాయి. వైద్యులు రాసిన మందులను మాత్రం సొంతంగా ఆపకూడదు.

లక్షణం: నాలుగు రోజులు కాలేదు, ఇప్పుడు కొద్దికొద్దిగా నీళ్లలా జారుతోంది

ఇది విరేచనాలు పట్టుకోవడం కాకపోవచ్చు. గట్టిపడిన మలం అడ్డుగా ఉంటే దాని పక్కల నుంచి పలుచటి ద్రవం కారుతుంది. దీనికి విరేచనాలను ఆపే లోపెరమైడ్ మాత్ర ఇస్తే అడ్డు ఇంకా బిగుస్తుంది. ఆ మాత్ర ఇవ్వకుండా వైద్యునికి చూపించాలి.

థైరాయిడ్ లోపం, పేగు మెలిక వంటివి ఇంట్లో తేల్చగలిగేవి కావు. కానీ గ్యాస్ కూడా పోకుండా కడుపు ఉబ్బి వాంతులవుతుంటే, తీవ్రమైన నొప్పి ఉంటే, లేదా ఎక్కువగా రక్తం పోతుంటే భీమా లెక్కలు చూసుకుంటూ ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తిరిగి వచ్చాక కూడా అలవాటు మునుపటిలా కుదురుకోకపోయినా, బరువు తగ్గుతున్నా, 50 దాటినవారు పెద్దపేగు పరీక్ష గురించి వైద్యుణ్ని అడగాలి.